చింతపండుకు పోయిన బంగారం

జూన్ 9, సోమవారం

ఇవాళ్టికి తొంభై మూడు బిళ్లలకు ఫోటోలు, చీటీలు అయ్యాయి. ఇంకా నలభై ఆరు. ఒక్కో బిళ్లకు ఒక్కో మఖ్మల్ గూడు, గూట్లో చెమ్మ పీల్చే పొట్లం, పైన గాజు మూత. ఇరవై మూడో అంతస్తులో, లింగమూర్తి సార్ ఫ్లాట్లో, ఆ గదికి ఏసీ ఒక్క నిమిషం ఆగదు. కిటికీలోంచి కిందికి చూస్తే కడుతున్న టవర్ పక్కన కూలీల రేకుల షెడ్లు. ఆ రేకుల కింద మనుషులు ఉడుకుతున్నారు, ఇక్కడ ఇనుము చల్లగా నిద్రపోతోంది. ఆ కిటికీలోంచి ఆ ఇంట్లో ఎవరూ కిందికి చూడరు. నేను చూస్తాను. చూసి మళ్లీ భూతద్దం కంటికి పెట్టుకుంటాను.

హాస్టల్లో నా గదిలో ఉండే పింకీ అడిగింది.

"అసలు ఏందే అవి? రోజూ బిళ్లలు బిళ్లలు అంటవ్."

జపాన్‌లో పాతకాలం కత్తులకు పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా తొడిగేది, చెయ్యి జారి అలుగు మీదికి పోకుండా. త్సుబా అంటారు. అంతే చెప్పాను.

"కత్తులు లేవు, బిళ్లలే ఉన్నయా?"

"బిళ్లలే."

"గొడ్డలి పోయి కామ మిగిలితే మా ఊర్ల పొయ్యిల పెడతరు," అని బకెట్ పట్టుకుని స్నానానికి పోయింది.

మనిషి మనిషిని నరకడానికి చేసుకున్న పనిముట్టు. లింగమూర్తి సార్ దాన్ని 'సౌందర్యం' అంటాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు నోరు పుక్కిలించాలనిపిస్తుంది.

జూన్ 10, మంగళవారం

సార్ ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు, "మా ఉమాశ్రీకి అంతా నేనే నేర్పానండి" అని. అబద్ధం. ఆయన పుస్తకాలు ఇచ్చాడు. నేర్చుకున్నది నేను. కూకట్‌పల్లి స్టూడియోలో గిల్టు నగల ఫోటోలు తీసుకునే దాన్ని, ఆయన తెచ్చిన ఆరు బిళ్లల్లో రెండు చెక్కినవి కావు, పోత పోసినవని చూడగానే చెప్పింది నేను. అందుకే పెట్టుకున్నాడు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి వైస్ ప్రెసిడెంటు, తన సొమ్ముతో తాను మోసపోతున్నానని తెలుసుకోలేడు.

అలుగు దూరే రంధ్రం అంచున సుత్తి దెబ్బల గుర్తులు ఉన్నాయా చూడాలి. కత్తికి బిగించిన బిళ్ల అయితే ఉంటాయి. కత్తిరింపుల లోపల పోత అతుకు ఉందా చూడాలి. నలుపును ఎప్పుడూ తోమకూడదు, ఆ నలుపే దాని ప్రాణం. ఇవన్నీ నాకు నిద్రలో అడిగినా వచ్చు.

దీన్ని జీవనం కోసం చేస్తున్నాను. ఇష్టం కాదు.

జూన్ 12, గురువారం

బాతుల బిళ్ల వచ్చింది.

నేను పట్టుకున్నదే. బెంగళూరులో ఎవరో పాత తలుపు గొళ్లాలతో కలిపి అమ్మకానికి పెట్టారు. పాడు ఫోటో, వాడికి అదేంటో కూడా తెలియదు. కొనమని నేనే సార్ వెంట పడ్డాను. నల్లగా, కాకి రెక్క మీద ఎండ పడినట్టు నీలం మెరుపు. దాన్ని షకుడో అంటారు, రాగిలో కాస్త బంగారం కలిపి నల్లబరిచే లోహం. నేల అంతా చేపగుడ్లలా సన్నటి గుండ్లు, ఒక్కో గుండూ విడిగా కొట్టి లేపింది. పైన మూడు బంగారు బాతులు ఎగురుతున్నాయి.

రంధ్రం అంచున సుత్తి గుర్తులు లేవు. అంటే ఎన్నడూ కత్తికి తొడగలేదు. కానుకలుగా ఇవ్వడానికే చేసినవి కూడా ఉండేవని పుస్తకంలో ఉంది. నూట నలభై బిళ్లల్లో నెత్తురు అంటని బిళ్ల ఇదొక్కటే. చేసినవాడు చంపడానికి చేయలేదు. ఒక కార్మికుడు, మూడు బాతులు.

సార్ చాలాసేపు చూశాడు. "నువ్వేమంటావమ్మా?"

"అసలుది. పద్దెనిమిదో శతాబ్దం."

"గుండ్లు కొంచెం మెత్తగా లేవూ?"

"మూడు వందల ఏళ్లు చేతులు తాకితే అరగవా సార్?"

కాస్త గట్టిగానే అన్నాను. ఆయన నవ్వి, ఇరవై ఎనిమిదిన క్లబ్‌హౌస్‌లో పెట్టే ప్రదర్శనకు వేసే చిన్న పుస్తకంలో ఈ బిళ్లకు ఒక పేజీ ఇస్తాననీ, కింద 'గుర్తించినది: ఉమాశ్రీ' అని వేయిస్తాననీ అన్నాడు.

పేరు కోసం కాదు.

జూన్ 15, ఆదివారం

కోఠి ఫుట్‌పాత్ మీద పిన్నులు కొట్టిన చిన్న విప్లవ పుస్తకాలు నాలుగు కొన్నాను. ఒకదాంట్లో అట్ట లేదు, రాసినవాడి పేరు లేదు, అదే బాగుంది. పేరు లేకుండా రాసేవాళ్లే నిజంగా రాస్తారు.

ప్రెస్సు నుంచి నా పేజీ నమూనా వచ్చింది. ఐదుసార్లు చూశాను, అచ్చుతప్పులకోసం.

జూన్ 17, మంగళవారం

ఇంట్లో పనిచేసే మల్లమ్మతో వంటింట్లో మాటలు. పొద్దున సార్ ఇల్లు, తర్వాత అదే టవర్లో ఇంకో నాలుగు, సాయంత్రం మళ్లీ ఇక్కడ గిన్నెలు. నానక్‌రామ్‌గూడ బస్తీలో ఒక గది. ఆమె భర్త పరంజా మీది నుంచి పడి తుంటి విరిగి మంచంలోనే ఉన్నాడు. పరిగి నుంచి వచ్చి పదహారేళ్లు.

"మీరంతా సంఘం పెట్టుకోవాలె పెద్దమ్మా," అన్నాను.

"పెడత బిడ్డా. ఐదిండ్ల గిన్నెలు ఒడవనీ."

"నవ్వులాట కాదు. నీ హక్కులు నీకు తెల్వాలె."

"నాకు తెలుస్తనే ఉన్నయి గని, జర ఆ పాలు పొంగుతున్నయి చూడు."

ఈ జనాన్ని ఎవరు లేపుతారు. విసుగొచ్చింది.

జూన్ 19, గురువారం

నెమ్మదిగా రాస్తాను. జరిగింది జరిగినట్టు.

పదకొండున్నరకు బాతుల బిళ్ల ఫోటో మరోసారి ఎండ వెలుగులో తీయాలని వంటింటి వెనక బాల్కనీకి తీసుకెళ్లాను. గదిలో దీపాలకు ఆ నీలం మెరుపు రాదు. అక్కడ పీట మీద రేపటి పూజకని ఇత్తడి దీపాలు, రాగి చెంబు, హారతి పళ్లెం తోమడానికి పెట్టి ఉన్నాయి. పక్కనే బిళ్ల పెట్టాను. ప్రెస్సు వాళ్ల ఫోను వచ్చింది, నా పేరు ఫోటో కింద వేయాలా, పక్కన వేయాలా అని. లోపలికి వెళ్లి ఇరవై నిమిషాలు మాట్లాడాను.

వచ్చేసరికి మల్లమ్మ అన్నీ తోమి ఎండలో వరసగా పెట్టింది. చివర బాతుల బిళ్ల. పచ్చగా మెరుస్తోంది.

"ఎంత నల్లగైంది బిడ్డా, ఎన్నేండ్లాయెనో తోమక. చింతపండు, ఉప్పు ఏసి పీచుతోని గట్టిగ రుద్దితే ఇట్లచ్చింది," అంది. ముఖమంతా సంతోషం.

నేనేమన్నానో కూడా రాయాలి. "నీకు బుద్ధి ఉందా? నీ ఏడు తరాలు పనిచేసినా దాని ఖరీదు రాదు," అన్నాను. నేను. ఈ నోటితో.

మల్లమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "మీద ఉన్న పిట్టలు బంగారమా?" అంది.

"బంగారమే."

"బంగారమైతే చింతపండుకు ఎట్ల పోతది? నా పుస్తెలు ముప్పై ఏండ్ల సంది తోముతున్న, గింత రంగు పోలే. ఇది పైన పూసిందే బిడ్డా. లోపటంత ఇత్తడి."

నోరు మూసుకోమన్నాను.

షకుడో అయితే నలుపు పోయినా కింద రాగి ఎరుపు రావాలి. పసుపు రాకూడదు. తర్వాత ఆలోచిస్తాను.

ఆరింటికి సార్ వచ్చాడు. చూశాడు. అరవలేదు. "ఎవరు?" అన్నాడు.

"నేనే తోమిన సార్," అంది మల్లమ్మ.

ఆయన బిళ్ల తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. దాన్ని బాల్కనీలో పెట్టింది ఎవరని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

జూన్ 20, శుక్రవారం

గేటు దగ్గర మల్లమ్మను ఆపేశారు. నేను వెళ్లేసరికి సెక్యూరిటీ క్యాబిన్ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. సెక్యూరిటీ సూపర్‌వైజర్ సాయిలు ట్యాబ్ చూపించాడు. ఆమె ఫోటో చుట్టూ ఎర్ర గీత. 'ఇంట్లో విలువైన వస్తువు నాశనం చేసింది.'

"ఒక్క ఫ్లాటుకే కదా?"

"ఒక్కలు బ్లాక్ కొడితే ఎనిమిది టవర్లకు బంద్ మేడమ్. మిగిలిన నాలుగిండ్లు కూడ పోయినట్టే. నేను లోపటికి తోలితే నా నౌకరీ పోతది."

మల్లమ్మ నన్ను చూసింది. నేను పైకి వెళ్లాను, ఆలస్యమవుతోందని.

అసహ్యం. అసహ్యం. ఆయన పూజ చేసుకున్నాడు ఇవాళ. నిన్న ఆమె తోమిన దీపాలే వెలిగించాడు. నాకు ప్రసాదం పెట్టాడు, చక్కెర పొంగలి. ఈ మెత్తటి మనుషులు అరవరు, కొట్టరు, 'అమ్మా' అంటారు, ఒక వేలితో తెర మీద తాకి మనిషి కూడు తీసేస్తారు. దోపిడీకి ఇప్పుడు కొరడా అక్కర్లేదు, ట్యాబు చాలు.

ఈ వాక్యం బాగుంది. కరపత్రంలో వాడాలి.

(పొంగలి తిన్నాను.)

జూన్ 21, శనివారం

బిళ్లను చూడలేదు. వేరే పని చాలా ఉంది.

జూన్ 22, ఆదివారం

పొద్దుటినుంచి కరపత్రం రాస్తున్నాను. 'గేటెడ్ కోటల్లో ఆధునిక వెట్టి.' మూడు పేజీలు అయింది. ఫ్యూడల్ అవశేషాలు, కార్పొరేట్ పెట్టుబడి, నిఘా సాంకేతికత, అన్నీ వచ్చాయి. శనివారం క్లబ్‌హౌస్ బయట పంచుతాను. ఇన్నాళ్లకు నేను చేయాల్సిన పని చేస్తున్నానన్న భావన.

జూన్ 23, సోమవారం

చూశాను.

పసుపు ఇత్తడి. చేపగుడ్ల వరసలు ఒకదాంట్లోకి ఒకటి కరిగి ఉన్నాయి, విడిగా కొట్టిన గుండు ఒక్కటి లేదు. రంధ్రం లోపల గోడ మీద వెంట్రుక మందాన అతుకు గీత. స్టూడియోలో ఆ ఆరు బిళ్లల్లో చూడగానే కనిపెట్టిన గీతే ఇది. బాతుల బంగారం అంతా పోయింది, రెక్క సందుల్లో మాత్రం కొంచెం బంగారు రంగు మిగిలింది. రంగు.

పన్నెండో తారీకు పేజీ తిప్పి చదివాను. ఎన్నడూ ఎవరూ కత్తికి తొడగలేదని రాశాను. మూడు వందల ఏళ్లు చేతులు తాకి అరిగిందని కూడా రాశాను. రెండూ ఒకే పేజీలో. నా చేతిరాతే.

సార్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకూ అది వచ్చిన రోజే అనుమానం వచ్చిందమ్మా. నువ్వంత గట్టిగా అన్నావు కదా అని ఊరుకున్నాను."

"అయితే మల్లమ్మ పాడు చేసింది ఏమీ లేదు సార్."

"కూర్చో. చెన్నై నుంచి, పుణె నుంచి ఇలాంటివి సేకరించేవాళ్లు వస్తున్నారు. మన దగ్గర ఒకటి నకిలీ అని తేలితే మిగతా నూట ముప్పై తొమ్మిదినీ అదే కంటితో చూస్తారు. పనిమనిషి తోమేసిందంటే అయ్యో అంటారు, అంతే. పుస్తకం ఎలాగూ అచ్చయిపోయింది. నీ పేరూ నిలుస్తుంది."

"ఆమెకు ఐదిండ్లు పోయాయి."

"దొరుకుతాయమ్మా ఇంకోచోట. ఈ ఐటీ కారిడార్‌లో టవర్లకేం కొదవ? నేను కూడా ఏదో సాయం చేస్తానులే."

సరే అనలేదు. కాదనీ అనలేదు. టీ వచ్చింది, తాగాను. టీ ఆయనే పెట్టాడు, ఇంట్లో పనిమనిషి లేదు కదా.

జూన్ 24, మంగళవారం

కరపత్రం రెండు వందల కాపీలు జిరాక్స్.

జూన్ 25, బుధవారం

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగగానే మల్లమ్మ ఎదురొచ్చింది. నాకోసమే నిలబడిందట.

"బిడ్డా, తోమింది నేనే. కాదంటలే. అది బంగారం కాదని నువ్వు ఒక్క మాట సార్‌కు చెప్పు. నువ్వు సదువుకున్నదానివి, నీ మాట ఇంటడు."

"ఊరికే చెప్తే కాదు పెద్దమ్మా. శనివారం అందరి ముంగట నిలదీస్తా. చూడు, ఇది రాసిన."

కరపత్రం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చదువు రాదు.

"ఇది సూపెడితే గేటు తీస్తరా?"

"ఇది ఆలోచన మార్చడానికి."

"మంచిది," అంది. నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. "పద్నాలుగో అంతస్తు ముసలామెకు నేనే స్నానం పోసేది. వేరేటోళ్లు ముట్టుకుంటే కొడ్తదామె. ఎట్ల ఉన్నదో ఏమో."

సార్‌కు తెలుసని నేను చెప్పలేదు. చెప్తే ఆమెకు బాధ కలుగుతుందని.

జూన్ 26, గురువారం

పింకీ కరపత్రం మొత్తం చదివింది. తినే మురుకులు పక్కన పెట్టి మరీ చదివింది.

"మస్తు రాసినవ్. కొరడా, ట్యాబు, మంచిగుంది."

"కదా."

"నువ్వేడ ఉన్నవ్ దీంట్ల?"

"నేను రాసేదాన్ని. నేనెందుకు ఉంటా?"

"ఆ బిళ్లను ఎండల పెట్టి ఫోన్ల ముచ్చట్లు పెట్టింది ఎవరు? అది బంగారమని ముద్ర కొట్టింది ఎవరు? గట్ల చూస్తే సగం కథ లేదు గదనే."

నీకేం తెలుసు, కాల్ సెంటర్‌లో అమెరికా వాళ్ల తిట్లు తినేదానివి అన్నాను. పింకీ మురుకుల పొట్లం మూతి ముడిచి లేచి వెళ్లిపోయింది.

జూన్ 27, శుక్రవారం

కరపత్రాలు సంచిలో సర్దాను. మళ్లీ తీసి లెక్కపెట్టాను.

జూన్ 28, శనివారం

క్లబ్‌హౌస్‌లో తెల్ల గుడ్డలు కప్పిన బల్లలు, నూట నలభై బిళ్లలు. అన్నిటికంటే ఎక్కువ జనం తోమిన బాతుల బిళ్ల దగ్గరే ఉన్నారు. ముందు చీటీ: 'అరుదైన షకుడో త్సుబా. పనిమనిషి అజ్ఞానం వల్ల నాశనమైనది.' పక్కన తెరిచి పెట్టిన పుస్తకంలో నల్లటి బాతుల ఫోటో, కింద నా పేరు. చీటీ అక్షరాలు నావి కావు. సార్ రాయించుకున్నాడు. కానీ గుర్తించింది నేనేనని ప్రతి ఒక్కరూ చదువుతున్నారు.

అందరూ అయ్యో అంటున్నారు. పద్నాలుగో అంతస్తు జయంతి గారు పక్కావిడతో అంటోంది: "మా ఇంట్లో చేసింది కూడా ఆవిడే అండి. మా అత్తయ్య ఆవిడ లేకపోతే నీళ్లు పోయించుకోనని తొమ్మిది రోజుల నించి మొండికేసింది. ఏం చేస్తాం, ఇలాంటి మనిషిని ఇంట్లోకి ఎలా రానిస్తాం."

కరపత్రాలు నా సంచిలో ఉన్నాయి. తీయబోయాను. మొదటి వాక్యం గుర్తొచ్చింది, కొరడా, ట్యాబు. చక్కగా కూర్చిన వాక్యం. దాంట్లో నేనెక్కడా లేను.

సంచి కింద పెట్టాను. బల్ల మీద నుంచి బిళ్ల తీసి చెన్నై నుంచి వచ్చిన ఆయనకు ఇచ్చాను, నా భూతద్దం కూడా ఇచ్చాను. "రంధ్రం లోపల చూడండి," అన్నాను.

ఆయన చూశాడు. తిప్పి చూశాడు. "ఇది పోత పోసిన ఇత్తడి," అన్నాడు, కొంచెం నవ్వుతూ.

"అవును. అసలుదని రాసింది నేను. చూడాల్సింది చూడకుండా రాశాను. బాల్కనీలో గిన్నెల పక్కన వదిలేసింది నేను. నకిలీ అని మొదట చెప్పింది మల్లమ్మ, ఆ రోజే, చింతపండు చేతుల్తో. నోరు మూసుకోమన్నాను. సార్‌కు సోమవారం నుంచి తెలుసు."

సార్ ముఖం మీది నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం చెన్నై ఆయన చేతిలో బిళ్ల వైపు చూస్తున్నాయి. తర్వాత పక్కకు పిలిచి చాలా మర్యాదగా, "సోమవారం నుంచి రానక్కర్లేదమ్మా," అన్నాడు.

"గేటు?"

"చూస్తాను."

"ఇప్పుడు చూడండి సార్. జయంతి గారు వింటున్నారు."

ఆయన ఫోను తీశాడు. ఆ వేలితోనే బ్లాక్ తీశాడు.

కరపత్రాలు పంచలేదు.

జూన్ 29, ఆదివారం

పింకీకి క్షమించమని చెప్పాను. "మురుకులు అయిపోయినయ్," అంది.

జూన్ 30, సోమవారం

పొద్దున్నే మల్లమ్మ గదికి వెళ్లాను. ఆమె భర్తకు గంజి తాగిస్తోంది. బ్లాక్ తీసేశారని చెప్పాను. శనివారం అందరి ముందు ఎలా చెప్పానో, చెన్నై ఆయన ఎలా చూశాడో, నా ఉద్యోగం ఎలా పోయిందో అన్నీ చెప్పాను. సంతోషిస్తుందని.

మల్లమ్మ భర్త మూతి తుడిచి గిన్నె కింద పెట్టింది.

"అది ఇత్తడని నీకు తెలిసిందెప్పుడు బిడ్డా?"

పోయిన సోమవారం అనబోయాను. డైరీలో పంతొమ్మిదో తారీకు కింద ఏం రాసుకున్నానో నాకు తెలుసు.

"నువ్వు చెప్పిన రోజే."

"పదకొండు రోజులు," అంది. గట్టిగా అనలేదు. చీర కొంగు బొడ్లో దోపుకుని, "నడువు," అంది.

గేటు దగ్గర సాయిలు ట్యాబులో మల్లమ్మ ఫోటో పచ్చగా వచ్చింది. నా పేరు కొడితే ఎర్రగా వచ్చింది. సార్ నా పాస్ తీసేయించాడు.

"నువ్వు పోవచ్చు మల్లమ్మా, మేడమ్‌కు లేదు," అన్నాడు సాయిలు.

"నేను ఒక్కదాన్ని పోతే నమ్ముతరా? సాయిలన్నా, ఇక్కడికెల్లి ఇండ్లకు ఫోన్ కలుస్తది గద, కలుపు. ఈ బిడ్డనే చెప్తది."

"ఇంటర్‌కమ్‌లనా? ఎనక లైన్ ఉన్నది."

"ఉండనీ."

వెనక డెలివరీ బండ్లవాళ్లు పది మంది, ఇద్దరు వంటమనుషులు, ఒక ఏసీ మెకానిక్. సాయిలు మొదటి ఫ్లాటు నెంబరు నొక్కి రిసీవరు నా చేతికిచ్చాడు. నేను ఉమాశ్రీనండి, శనివారం క్లబ్‌హౌస్‌లో, అని మొదలుపెట్టి నకిలీలెలా గుర్తిస్తారో వివరించబోయాను. మధ్యలోనే పెట్టేశారు. రెండో ఇంట్లో విన్నారు, కానీ వేరే ఆమెను పెట్టుకున్నారట. మల్లమ్మ ముఖం చూడలేదు, రిసీవరు తీగనే చూస్తున్నాను. మూడోది జయంతి గారిది. నేను రెండు మాటలు అనగానే, "ఆవిడ అక్కడే ఉందా? పైకి పంపండి, త్వరగా. అత్తయ్య అరుస్తోంది," అంది.

మల్లమ్మ చెప్పులు సరిచేసుకుని లోపలికి నడిచింది.

వెనక ఎవడో, "అక్కా, జర జల్ది, ఆర్డర్ సల్లారుతుంది," అన్నాడు.

సాయిలు నాలుగో నెంబరు నొక్కాడు. ఈసారి మాటలు ముందుగా కూర్చుకోలేదు. అవతల ఎత్తగానే, "తప్పు మల్లమ్మది కాదండి, నాది," అన్నాను.